టొరంటోలో ఒక పగటి వేషం

శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై అయిదుకు విండ్సర్‌లో రైలు. నేనూ నా రూమ్మేటు శ్రావణూ పన్నెండుకే ఇంట్లోంచి బయటపడ్డాం. స్టేషను పెద్ద దూరమేం కాదు. కానీ విండ్సర్‌లో కారు లేనివాడి బతుకు బస్సు దయ మీద ఉంటుంది, ఆ బస్సేమో ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. మాకు చెరో బ్యాక్‌ప్యాకు, ఇద్దరికీ కలిపి ఒక పెద్ద నల్ల చెత్తసంచీ. అందులో యోగా మ్యాట్లు కోసి అతికించిన భుజకవచాలు, ఒక సగం విగ్గు, పాత కర్టెను కత్తిరించి నేను కుట్టిన అంగీ ఉన్నాయి. డ్రైవరు మమ్మల్నీ సంచినీ ఒకసారి చూసి ఊరుకున్నాడు. ఈ దేశంలో నాకు నచ్చిన సంగతుల్లో అదొకటి, ఎవరి సంచిలో ఏముందో ఎవరూ అడగరు.

మేం వెళ్తున్నది టొరంటోలో జరిగే యానిమే కన్వెన్షన్‌కు. జపాను వాళ్ల కార్టూన్ సీరియళ్ల అభిమానులంతా ఒకచోట చేరే పెద్ద తిరునాళ్ల అనుకోండి. నచ్చిన పాత్రలాగా తయారై వెళ్లడాన్ని కాస్‌ప్లే అంటారు. మన మాటల్లో చెప్పాలంటే వేషం కట్టడమే. శ్రావణ్‌ది కరీంనగర్. వాడికి ఈ పిచ్చి ఇంటర్ నుంచీ ఉంది. వాడితో జంటగా వెళ్లాల్సిన కుర్రాడికి గోదాములో శనివారం షిఫ్టు పడింది. ఆ ఏడు మా కాలేజీలో ఏ క్లాసు చూసినా సగం మంది మనవాళ్లే, ఒక్కొక్క పార్ట్‌టైమ్ ఉద్యోగానికి యాభై మంది క్యూ. వచ్చిన షిఫ్టు వదులుకునేంత ధైర్యం ఎవరికీ లేదు. టికెట్ వాపసు తీసుకోరు కాబట్టి శ్రావణ్ నా మీద పడ్డాడు.

"నువ్వు రారా వెంకట్. ఒక దేహంల అన్న, చెల్లె ఇద్దరుంటరు. సగం ముఖం అన్నది, సగం చెల్లెది. నువ్వైతే మంచిగ సెట్ అయితవ్" అన్నాడు.

నాలుగుసార్లు కాదన్నాను. కారణం మాత్రం చెప్పలేదు. మీకు చెబుతాను.

నాకు వేషం కొత్త కాదు. అదే గొడవంతా. మాది బాపట్ల దగ్గర ఒక చిన్న ఊరు. మా తాత పగటి వేషగాడు. ఊరూరా తిరిగి, రోజుకో వేషం కట్టి, ఇంటింటి ముందూ ఆడి, ఆఖరి రోజున వచ్చి సంభావన అడిగే పని మాది, తరాలుగా. అయిదేళ్ల నుంచి పదేళ్ల దాకా తాత వెనకాల జోలె పట్టుకుని తిరిగింది నేనే. అయిదో తరగతిలో ఉండగా ఆయన అర్ధనారీశ్వర వేషంలో, సగం శివుడు సగం పార్వతిగా, మా బడికే వచ్చాడు. హెడ్మాస్టరు గారు పది రూపాయలిచ్చారు. నేను అలవాటు కొద్దీ బెంచీ మీంచి లేచి చెయ్యి చాపి ఆ డబ్బు అందుకున్నాను. మర్నాటి నుంచి పదో తరగతి అయ్యేదాకా ఆ బళ్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు, అందరూ వేషాలోడా అనే పిలిచేవాళ్లు. మా నాన్న కూడా అప్పటిదాకా వేషం కట్టినవాడే, ఆ ఏడే మానేసి బోర్డులు రాయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు ఫ్లెక్సీల షాపు నడుపుతున్నాడు. నన్ను ఎయిర్‌పోర్టులో దింపుతూ ఆయన చెప్పింది రెండే ముక్కలు: "అక్కడ మనల్ని ఎవరూ ఎరగరు. ఎరగనియ్యమాక."

అందుకే ఏడాదిగా ఒకే గదిలో పడుకుంటున్న శ్రావణ్‌కి కూడా ఈ సంగతి తెలియదు. ఎవరైనా కనిపెట్టేస్తారేమోనన్న భయం నాకు కెనడాలో కూడా తగ్గలేదు. మరి అయిదోసారి ఎందుకు సరేనన్నావయ్యా అంటే, వేషం కట్టాలని మనసు పీకింది. అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

రైలు సరిగ్గా వేళకే కదిలింది. టికెట్టు ముందుగా కొంటే చవక, ఆఖరి నిమిషంలో కొంటే జేబుకు చిల్లు. ఎడమ వైపు కిటికీ దగ్గర కూర్చోండి, చాథమ్ దాకా పొలాలు కనిపిస్తాయి. అంతా బల్లపరుపు నేల, మా కృష్ణా డెల్టాలాగే, కొబ్బరిచెట్లు లేవు అంతే. లండన్ అనే ఊళ్లో చాలామంది ఎక్కారు. అక్కడ ఎక్కిన ఒక తెలుగాయన మా మాటలు విని ఎదురు సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. యాభై దాటి ఉంటాయి. ఓక్‌విల్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరట. సంచిలోంచి బయటికి పొడుచుకొచ్చిన నల్లటి భుజకవచాన్ని పట్టి చూశాడు.

"ఏ మోడల్ బంపర్ బాబూ ఇది? మరీ మెత్తగా ఉంది" అన్నాడు.

శ్రావణ్ ఆయనకు కాస్‌ప్లే అంటే ఏమిటో లండన్ నుంచి వుడ్‌స్టాక్ దాకా వివరించాడు. ఆయన ఓపిగ్గా విని, చదువు పాడుచేసుకోవద్దని చెప్పి, తర్వాత మనవాళ్లు అడగాల్సినవన్నీ అడిగాడు. ఏ ఊరు, ఏ కోర్సు, వర్క్ పర్మిట్ ఎన్నేళ్లు వస్తుంది, నాన్నగారేం చేస్తారు.

"బిజినెస్ అండి" అన్నాను.

"తాతగారు?"

"వ్యవసాయం."

మా తాతకు సెంటు భూమి లేదు. అబద్ధం ఆడేటప్పుడు నా గొంతు కూడా వణకలేదు, అంత అలవాటైపోయింది. ఆయన ఓక్‌విల్‌లో దిగుతూ, ఎప్పుడైనా ఇంటికి భోజనానికి రమ్మని నంబరు ఇచ్చాడు. మంచాయనే పాపం.

సాయంత్రం ఆరుంబావుకు యూనియన్ స్టేషన్‌లో దిగాం. అక్కడే కిందికి దిగితే సబ్‌వే. నార్త్ యార్క్ వైపు వెళ్లే రైలెక్కితే అరగంట. సామాను ఉన్నవాళ్లు ఆఫీసులు వదిలే వేళ తప్పించుకోవడం మంచిది, మా సంచి తలుపుల మధ్య ఇరుక్కుని ఒక భుజం నలిగింది. మా బస శ్రావణ్ పిన్ని కూతురు లావణ్యక్క ఇంట్లో, సబ్‌వేకు రెండు నిమిషాల దూరంలో, పద్నాలుగో అంతస్తులో. ఆవిడకు బ్యాంకులో ఐటీ ఉద్యోగం. బావ ఆ వారం ఆఫీసు పని మీద కాల్గరీ వెళ్లాడు. ఇంట్లో ఏడు నెలల పాపా, ఆ పాపను చూసుకోవడానికి సూపర్ వీసా మీద తెనాలి నుంచి వచ్చిన లావణ్యక్క అత్తగారూ ఉన్నారు. పేరు సుశీలమ్మ గారు. నేను మామ్మగారూ అన్నాను. ఆవిడ నా యాస విని, "బాపట్ల వైపు మాట. మా పక్కోడివే" అని సంతోషపడి, బీరకాయ పప్పులోకి ఇంకో గరిటె నెయ్యి వేశారు.

శనివారం పొద్దున ఆరున్నరకు బాత్రూమ్‌లో అద్దం ముందు నిలబడ్డాను. ఇక్కడ నేనొక తెలివితక్కువ పని చేశాను. మా తాత ఏ వేషానికైనా ముందు మొహానికి కొబ్బరినూనె పట్టించేవాడు. రంగులన్నీ పొడులు, నూనెలో కలిస్తేనే అంటుకునేవి. నేనూ అలాగే శుభ్రంగా నూనె పట్టించి, ఆ పైన నలభై డాలర్లు పోసి శ్రావణ్ తెప్పించిన ఫేస్ పెయింట్ రాశాను. అది నీళ్లలో కలిపే రంగు. తామరాకు మీద నీళ్లలాగా జారి గడ్డం మీదికి వచ్చింది. కడిగి మళ్లీ రాశాను, మళ్లీ జారింది. చర్మంలోకి ఇంకిన నూనె సబ్బుకు లొంగుతుందా. మూడోసారికి రంగు డబ్బా ఖాళీ. శ్రావణ్ తలుపు దగ్గర నిలబడి జుట్టు పీక్కుంటున్నాడు.

"అరే, ఎవడన్న ముఖానికి కొబ్బరినూనె పెట్టుకుంటడారా పెయింట్ ముందు?"

మా వంశమంతా పెట్టుకుందిరా అని నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను.

గొడవ విని మామ్మగారు పాపను చంకనేసుకుని వచ్చారు. నా చూపు పాప సామాను బుట్టలో ఉన్న డైపర్ క్రీము మీద పడింది. తెల్లగా, ముద్దగా, జింక్ కలిసిన క్రీము. మా తాత పూసే తెల్లరంగు, సఫేదా, అది కూడా జింకే. "మామ్మగారూ, ఇది కొంచెం వాడుకోవచ్చా? వంటింట్లో పసుపు, దేవుడి దగ్గర కుంకుమ ఉన్నాయా?" అన్నాను. ఆవిడ ఎందుకని అడక్కుండా మూడూ తెచ్చి పెట్టారు.

అరచేతిలో క్రీము వేసుకుని, రెండు చుక్కల నూనె వేసి, ఉంగరం వేలితో కలపడం మొదలుపెట్టాను. ఎడమ సగానికి పసుపు కలిపిన ముద్ద, కుడి సగానికి ఉత్త తెలుపు. పదమూడేళ్లయింది రంగు ముట్టి. వేలు మాత్రం మర్చిపోలేదు. నుదుటి నడిమి నుంచి ముక్కు దూలం మీదుగా గడ్డం దాకా ఒకే గీత, ఊపిరి బిగబట్టి. తర్వాత అన్న వైపు మందంగా కనుబొమ్మ, చెల్లెలి వైపు సన్నగా. కంటి కింద కుంకుమ. శ్రావణ్ నోరు మూసుకుని చూస్తున్నాడు, వాడి విషయంలో అది వింతే.

మామ్మగారు నా చెయ్యి వంక చూస్తున్నారు, మొహం వంక కాదు.

"మా ఊరికి ఏటా పంటలయ్యాక వేషగాళ్లు వచ్చేవోళ్లు. ఇట్టాగే అరచేతిలో కలుపుకునేవోళ్లు, ఈ వేలితోనే. మీ వాళ్లెవరన్నానా అబ్బాయ్?" అన్నారు.

"లేదండీ. వీడియోలు చూసి నేర్చుకున్నా."

"అట్టాగా" అని ఆవిడ పాపను తీసుకుని వెళ్లిపోయారు. నాకు సిగ్గేసింది. మొహానికి పూసిన రంగుకు కాదు, ఆడిన మాటకు. చిన్నప్పుడు నాకు రంగు ఎలా కలపాలో నేర్పిన మనిషిని, ఆ రంగు చేతిలో ఉండగానే, లేడు పొమ్మన్నాను.

తొమ్మిదింబావుకు బయల్దేరాం. సబ్‌వేలో ఆ వేషంతో ఎలా కూర్చోవాలా అని రాత్రంతా బెంగపడ్డాను గానీ ఎవరూ పట్టించుకోలేదు. ఎదురుగా ఒక ముసలాయన పేపర్ చదువుకుంటున్నాడు. దిగేటప్పుడు నా భుజం తట్టి, "గీత చాలా తిన్నగా ఉంది" అని ఇంగ్లీషులో అని వెళ్లిపోయాడు. మా తాతకు కూడా అంత పొదుపైన మెప్పు ఎవరూ ఇచ్చి ఉండరు.

వెళ్లదలిచినవాళ్లకు నాలుగు మాటలు. బ్యాడ్జి తీసుకునే క్యూ బిల్డింగ్ చుట్టూ తిరిగి ఉంటుంది, పది దాటితే గంట నిలబడాలి. కత్తులూ గదలూ ఏవున్నా ద్వారం దగ్గర తనిఖీ చేసి చీటీ కడతారు, లోహం పనికిరాదు. లోపల తిండి ఖరీదు, ఇంట్లోంచి పులిహోర తీసుకెళ్లండి. స్ట్రా మర్చిపోవద్దు, పెదవుల రంగు చెడకుండా నీళ్లు తాగాలంటే అదే దిక్కు. ఊడిన పట్టీలూ విరిగిన రెక్కలూ బాగుచేసుకోవడానికి జిగురూ సూదులూ పెట్టిన బల్ల ఒకటి రెండో అంతస్తులో ఉంటుంది, డబ్బు తీసుకోరు. అన్నిటికంటే ముఖ్యం, ఎవరినైనా ఫోటో తీయాలంటే అడిగి తీయాలి. అక్కడ అది చట్టంలాంటిది. మా తాతను అడిగి ఫోటో తీసినవాణ్ణి నేను ఎరగను.

లోపల హాలు చూసి నా కాళ్లు ఆగిపోయాయి. వేలమంది. రెక్కలవాళ్లు, కొమ్ములవాళ్లు, తలకు నక్క చెవులు పెట్టుకున్న తల్లులు, ఒళ్లంతా ఇనప రంగు పూసుకున్న ఒక తాతగారు. అందరూ నవ్వుతున్నారు. ఇంతమంది వేషాలోళ్లు ఒకేచోట ఉన్నారు, ఎవరినీ ఎవరూ వెంటపడి తరమడం లేదు. సంతోషపడాల్సింది పోయి నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. పదకొండు నుంచి పన్నెండున్నర దాకా ఆ గోడే నా కన్వెన్షన్. భుజకవచాలు తొడుక్కున్న శ్రావణ్‌ని అడిగి అడిగి ఫోటోలు తీసుకుంటున్నారు. నన్నడిగిన ఇద్దరికీ పాస్‌పోర్టు ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్డాను.

"ఏందిరా, ముఖం గంత మంచిగ గీసి గోడకు సున్నం లెక్క అతుక్కున్నవ్" అన్నాడు శ్రావణ్.

అప్పుడొచ్చింది ఒకమ్మాయి. నాలాగే అదే పాత్ర వేషం, సగం అన్న, సగం చెల్లెలు. నా వేషం చూసి గుర్తుపట్టి, ఎగాదిగా చూసి, ఒక ప్రశ్న అడిగింది. "ఇప్పుడు ఇద్దరిలో ఎవరున్నారు బయట?"

జవాబు చెప్పాలని నోరు తెరిచాను. దానికంటే ముందు చెయ్యి కదిలింది. చెమటకని మెడలో వేసుకున్న తుండుగుడ్డ తీసి, రెండు చేతులా నిలువుగా పట్టి, ఎడమ సగం దాచాను. అర్ధనారీశ్వర వేషానికి తెర అలాగే పడతారు. తెల్ల సగం ఒక్కటే బయట. కడుపులోంచి గొంతు తెచ్చి, "ఎవరది, నా దారికి అడ్డం నిలిచింది?" అన్నాను. తెలుగులోనే. ఇంగ్లీషు గుర్తు రాలేదు. నడుం తిప్పి తెర ఇటు మార్చాను. పసుపు సగం బయటికొచ్చింది. మెడ వంచి, గొంతు సన్నం చేసి, "అన్నయ్యా, దారి నీది కాదు, ఆమెది. నువ్వే అడ్డం" అన్నాను. మళ్లీ అటు. మళ్లీ ఇటు. అన్న అరుస్తాడు, చెల్లెలు గడుసుగా బదులిస్తుంది. మాటలు అప్పటికప్పుడు పుడుతున్నాయి, కాళ్లు వాటంతటవే అడుగు వేస్తున్నాయి. చుట్టూ జనం చేరారు. ఒక్కరికీ అర్థం కాలేదు, అందరూ నవ్వారు. నవ్వాల్సిన చోటే నవ్వారు. నేను ఎన్నాళ్లకు హాయిగా ఊపిరి పీల్చానో చెప్పలేను.

ఆట ముగించి తెర దించాను. కుడిచెయ్యి చాపాను, అరచెయ్యి పైకి.

కావాలని చేసింది కాదు. ఆట అయ్యాక చెయ్యి చాపడం మా పనిలో ఆఖరి అడుగు. అయిదేళ్లప్పుడే ఒంట్లోకి ఎక్కింది, మనసును అడగలేదు. చాపాక చూసుకున్నాను. జనమంతా ఆ చెయ్యి వంకే చూస్తున్నారు. శ్రావణ్ కూడా. మా బడి, ఆ బెంచీ, హెడ్మాస్టరు గారి పది రూపాయలు, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. చెయ్యి వెనక్కి తీసుకుందామంటే బిగుసుకుపోయింది.

ఆ అమ్మాయి తన మణికట్టు మీదున్న పూసల గొలుసు తీసి నా అరచేతిలో పెట్టింది. వెనకాల ఎవరో ఒక చిన్న బొమ్మ అంటించిన బిళ్ల పెట్టారు. నక్క చెవుల తల్లి ఒక చాక్లెట్ పెట్టింది. అప్పుడు తెలిసింది, ఆ సంతలో అదొక ఆచారమట. నచ్చినవాళ్లకు సొంతంగా చేసిన చిన్న చిన్న వస్తువులు ఇచ్చుకుంటారు, పుచ్చుకుంటారు. నేను వాళ్ల పద్ధతి తెలిసి చెయ్యి చాపాననే అనుకున్నారు అందరూ. తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని తడబడుతూ చెప్పాను. "ఇంతసేపూ ఆడారు కదా, ఇంకేమిస్తారు" అంది ఆ అమ్మాయి.

ఇంత తేలిగ్గా అయిపోయే సంగతినా నేను ఇన్నేళ్లు మోసింది అనిపించి, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఒంటిగంటన్నరకు మెట్ల కింద నేల మీద కూర్చుని పులిహోర విప్పాం.

"ఏడ నేర్చినవ్ రా అది?" అన్నాడు శ్రావణ్.

చెప్పేశాను. తాత, జోలె, బడి, నాన్న మాట, రైల్లో ఆడిన వ్యవసాయం అబద్ధం, పొద్దున మామ్మగారికి చెప్పింది, అన్నీ. వాడు పులిహోర డబ్బా మూత పెట్టి కింద ఉంచాడు.

"సంవత్సరం సంది ఒక్క రూంల పంటున్నం. నాకు జ్వరమొస్తే నువ్వే గంజి కాచి పోసినవ్. గీ మాట చెప్తే నేను నిన్ను తక్కువ చూస్తననుకున్నవా?"

"అనుకున్నా" అన్నాను. అబద్ధం ఆడే ఓపిక అయిపోయింది.

వాడికి కోపం వచ్చింది. రావాల్సిందే. కాసేపు అటు తిరిగి కూర్చుని, తర్వాత డబ్బా నా వైపు తోసి, "తిను. రెండింటికి నాతోని గూడ ఆడాలె. నాకు గూడ ఒక డైలాగ్ రాయి, చిన్నది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఏడుసార్లు ఆడాం. గోడ దగ్గరికి మళ్లీ పోలేదు. మూడోసారి చెయ్యి చాపినప్పుడు తెలిసే చాపాను. ఒక తెలుగు పిల్ల, బ్రాంప్టన్‌లో పుట్టిందట, వాళ్ల అమ్మ చేత నా మాటలన్నీ ఇంగ్లీషులో చెప్పించుకుని, చెల్లెలే కరెక్ట్ అని ఇంగ్లీషులోనే తీర్పు ఇచ్చి వెళ్లింది.

ఏడింటికి లావణ్యక్క ఇంటికి చేరాం. మొహం కడుక్కున్నాను. తెలుపు పోయింది, పసుపు పోలేదు. ఎడమ చెంప పెళ్లికొడుకులా ఉందని లావణ్యక్క నవ్వింది. మామ్మగారు కంచాలు పెడుతున్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, "మామ్మగారూ, పొద్దున అబద్ధం చెప్పాను. వీడియోలు కాదు. మా తాత నేర్పాడు. మావాళ్లు వేషగాళ్లే" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరగలేదు. వడ్డిస్తూనే మాట్లాడారు.

"నాకు తెలుసు నాయనా. ఆ వేలు చూస్తే తెలవదా. చెప్పుకోడానికి నీకు ఎందుకు నోరు రాలేదో అదీ తెలుసు." ఇంకో కంచం తీసి పెట్టారు. "మా ఇంటికి వచ్చినాయన ఎండలో గంటసేపు ఆడేవోడు. మేం నవ్వీ నవ్వీ చచ్చేవోళ్లం. ఆఖర్న మా అమ్మ చాటలో బియ్యం తెచ్చి పోసేది. లోపలికి రా, అన్నం తిని పో అని మా ఇంట్లో ఒక్కరు కూడా అన్లేదు. పదిహేనేళ్లు వచ్చాడాయన. పేరు కూడా అడగలా. తప్పు చేశాం."

ఆవిడ బల్ల దగ్గర కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నారు. ఎదురుగా తనూ కూర్చుని, "మీ తాత పేరేందబ్బాయ్?" అని అడిగారు.

"కోటయ్యండి" అన్నాను. ఆ పేరు నేను పైకి అని చాలా ఏళ్లయింది. ఆవిడ అన్నంలో పప్పు వేసి, నెయ్యి వేసి, నేను తినేదాకా కదల్లేదు.

ఆదివారం తిరుగు రైలు పదకొండుంబావుకు. పది కల్లా యూనియన్ స్టేషన్‌లో ఉన్నాం, కాఫీలు తాగాం, సీట్లు పక్కపక్కనే దొరికాయి. రైలు కదలగానే, శ్రావణ్ తీసిన ఫోటోల్లో ఒకటి ఎంచి మా నాన్నకు పంపాను. తెర దించి నేరుగా చూస్తున్న ఫోటో. కింద ఏమీ రాయలేదు. అక్కడ రాత్రి తొమ్మిది, షాపు కట్టేసే వేళ. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. ఓక్‌విల్ పోయింది, వుడ్‌స్టాక్ పోయింది, లండన్‌లో ఎక్కేవాళ్లు ఎక్కారు, దిగేవాళ్లు దిగారు. ఎరగనియ్యమాక అన్న మనిషికి ఆ ఫోటో పంపడం ఎంత మొండితనమో తలుచుకుంటూ కూర్చున్నాను. ఆయన మమ్మల్ని ఆ మాటల్లోంచి తప్పించడానికి ఏళ్ల తరబడి ఎండలో నిచ్చెనెక్కి బోర్డులు రాశాడు.

చాథమ్ ఇంకా రాకముందే ఫోన్ మోగింది.

"ఎవరు గీశారు?" అన్నాడు నాన్న.

"నేనే."

"నీతో ఉండే పిల్లోడికి తెలుసా?"

"చెప్పా నాన్నా. బస చేసిన ఇంట్లో కూడా చెప్పా. తాత పేరు కూడా చెప్పా."

లైను కట్టయిందేమోనని ఫోన్ తీసి చూసుకున్నాను.

"ఎడం కనుబొమ్మ కిందికి జారింది" అన్నాడు. "ఆడ సగానికి ఒక నూలు పోగంత పైకి ఉండాలి, అప్పుడే చూపు వస్తది. గీత గడ్డం దగ్గర ఆపేశావు. గొంతు గుంట దాకా దింపాలి, తల ఎత్తినప్పుడు మెడ ఒకటే రంగు కనపడితే ఇంకేం వేషం. తెలుపు బాగుంది. ఏం వాడావ్?"

"పసిపిల్లలకు రాసే క్రీము."

నాన్న నవ్వాడు. ఆ నవ్వు చిన్నప్పుడు విన్నదే, వేషాలు మానేశాక మళ్లీ వినలేదు. తర్వాత గొంతు సవరించుకుని, మామూలుగా, "మళ్లీ ఎప్పుడు కడతావ్?" అన్నాడు.

"తెలీదు నాన్నా. సెప్టెంబరులో ఇంకోటి ఉందంట."

"కట్టే ముందు వీడియో కాల్ చెయ్యి. ఎంత పొద్దయినా సరే. నేను చూస్తా చెబుతా, నువ్వు గియ్యి."

సరేనని పెట్టేశాను. ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి ఏడ్చాను, చాథమ్ వచ్చేదాకా, ఆపుకోకుండా. పక్కన శ్రావణ్ కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు గురక కూడా పెట్టాడు. వాడికి నటన అస్సలు రాదు.